నడిసముద్రంలో ఒక ముక్కు

అతన్ని అందరూ ముక్కు అనేవాళ్ళు. ఎగతాళికి పెట్టిన పేరు కాదది, అవసరం కొద్దీ పెట్టింది. ఒడ్డు కనిపించనంత దూరాన, ఇనప కాళ్ళ మీద నిలబడి సముద్రం అడుగునుంచి నూనె తోడే ప్లాట్‌ఫాం అది. అక్కడ అతని ముక్కుకున్న పరపతి పెద్దసారు సంతకానికి కూడా ఉండేది కాదు.

చూడటానికి అదేమంత ముక్కు కాదు. కొంచెం ఎడమకి ఒరిగి, చివర గుండ్రంగా, ఎక్కడో చూసినట్టే ఉండేది. కానీ పనితనం వేరు. కింద వంటగదిలో ఉల్లిపాయలు నూనెలో పడగానే పై అంతస్తులోంచి "వంటవాడి ధ్యాస ఇవాళ ఇంటి మీదుంది, మాడుస్తాడు చూడండి" అనేవాడు. నిజంగానే మాడేవి. హెలికాప్టర్ దిగి వచ్చేవాళ్ళలో ఎవడు ఇంటి దగ్గర సబ్బు మార్చాడో, ఎవడు సబ్బు జోలికే పోలేదో నిలబెట్టి చెప్పేవాడు. ఒకసారి కంప్రెసర్ గది పక్కనుంచి నడుస్తూ ఠక్కున ఆగి, "ఇక్కడేదో తేడాగా ఉంది" అన్నాడు. ఫోర్‌మన్ నవ్వాడు. విప్పి చూస్తే పైపు కీలు దగ్గర వాషర్ చిట్లి గ్యాసు సన్నగా కారుతోంది. ఆ రోజుతో ఫోర్‌మన్ నవ్వడం మానేసి నమ్మడం మొదలుపెట్టాడు. ఆ నమ్మకమే తర్వాత కొంప ముంచబోయింది.

ముక్కు పని మడ్ గదిలో. బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే చిక్కటి ద్రవాన్ని వాళ్ళు మడ్ అంటారు. పేరుకి బురదే కానీ పొలంలో బురదలా అమాయకమైంది కాదు. అందులో డీజిల్ లాంటి నూనె ఉంటుంది. నురగ రాకుండా ఒక మందు, తుప్పు పట్టకుండా ఒక మందు, క్రిములు చావడానికి ఇంకో మందు, సంచుల కొద్దీ పొడులు, అన్నీ అందులోకే. అది బావిలోకి వెళ్ళి కాగి, పైకొచ్చి, ఊగే జల్లెళ్ళ మీద పడి ఆవిర్లు కక్కుతుంది. ఆ జల్లెళ్ళ పక్కనే ముక్కు వయసంతా గడిచిపోయింది. షిఫ్టు దిగేసరికి తల పగిలిపోయేది. దానికి షిఫ్టు తలనొప్పి అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు, పేరు పెట్టేశాక ఇక డాక్టర్ని అడిగేదేముంది? చేతుల జిడ్డు సబ్బుకి లొంగదు కనక డ్రమ్ములో ఉన్న స్పిరిట్‌తోనే కడుక్కునేవాళ్ళు. వేళ్ళు పగిలి ఎర్రగా కందిపోయేవి. దానికి "మా చేతులింతే" అనేవాళ్ళు.

మాస్కులు ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. బంగారంలాంటి మాస్కులు. కానీ మాస్కు పెట్టుకుంటే ముక్కుకి వాసన రాదు. వాసన రాకపోతే అతను ముక్కెలా అవుతాడు? అందుకని అది ఎప్పుడూ మెడలో హారంలా వేలాడుతుండేది.

అసలు సంగతి ట్యాంకు దగ్గరుంది. వాడేసిన మడ్డి, కడిగిన నీళ్ళు, నూనె జిడ్డు, అన్నీ చేరే పెద్ద ఇనప ట్యాంకు ఒకటి మడ్ గది కింద ఉంది. అప్పుడప్పుడు ఎవరో ఒకరు అందులోకి దిగి అడుగున పేరుకున్నది గీకి తియ్యాలి. మూతపెట్టి నిలవుంచిన ఆ మురికిలోంచి ఒక గ్యాసు పుడుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిది. ఎక్కువైతే మనిషి నిచ్చెన మీదే కూలిపోతాడు, కేక వేసే వ్యవధి కూడా ఉండదు. దాన్ని పసిగట్టడానికి పసుపుపచ్చ మీటర్లు ఉన్నాయి, జేబులో పట్టేవి. కాకపోతే ఆ మీటరు మరీ నస పెడుతుందని వాళ్ళ ఫిర్యాదు. రంగు డబ్బా తెరిస్తే కూస్తుంది. స్పిరిట్‌తో చేతులు కడుక్కుంటే కూస్తుంది. కూసిందంటే పనాపి, ఫ్యాన్లు పెట్టి, కాచుక్కూచోవాలి. ఫోర్‌మన్‌కి అంత ఓపిక ఎక్కడిది? మీటరు తలుపు పక్క కొక్కేనికి ఎక్కింది. దాని బదులు ముక్కును పిలవడం ఆనవాయితీ అయింది.

అతను దర్జాగా వచ్చేవాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకునేవాడు. మూత కొంచెం ఎత్తించి, వంగి, కళ్ళు మూసుకుని ఒక్కసారి లోపలికి పీల్చి, లేచి బొటనవేలు పైకెత్తేవాడు. హమ్మయ్య అనుకుని అందరూ పనిలో పడేవాళ్ళు. ప్రాణం తీసే గ్యాసు ఉందో లేదో తెలుసుకోడానికి ఒక మనిషిచేత దాన్ని పీల్పించే తెలివి ఇంకెక్కడైనా ఎవరికైనా వచ్చిందో లేదో తెలీదు. వచ్చినా, వాళ్ళు చెప్పుకోడానికి మిగిలి ఉండరు.

ఆ ట్యాంకులోకి దిగేది ఎవరనుకున్నారు? ముక్కు బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆ ఉద్యోగం ముక్కే పట్టుబట్టి ఇప్పించాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు కనక మూతలోంచి సులువుగా దూరతాడని ప్రతిసారీ అతన్నే దింపేవాళ్ళు. బావమరిదికి రెండు ప్రత్యేకతలున్నాయి. ఒకటి, బావ మాటంటే తిరుగులేదు. బావ బొటనవేలు లేచిందంటే నిప్పులోకైనా దిగుతాడు. రెండోది, కాళ్ళ వాసన. రబ్బరు బూట్లు విప్పాడంటే గదిలో మిగతావాళ్ళు దుప్పట్లు చంకనెట్టుకుని వరండాలోకి వచ్చేసేవాళ్ళు. చలిగాలి, తుంపర, ఏదైనా సరే, ఆ గదికంటే నయమే. "ఒరేయ్, నీ కాళ్ళు నా ముక్కు మీద చేతబడి" అని బావ మొత్తుకునేవాడు. వాడు నవ్వుతూ వేళ్ళు ఆడించేవాడు.

ఇలా ఉండగా ఒక సెలవులో ముక్కు ఇంటికొచ్చాడు. ఇల్లు రెండు గదులూ ఒక బాల్కనీ. భార్య పొయ్యి మీద పాలు పెట్టి, "కాస్త చూస్తుండండి" అని బట్టలు ఆరెయ్యడానికి బాల్కనీలోకి వెళ్ళింది. అతను వంటింటి గుమ్మంలోనే కుర్చీ వేసుకుని, పొయ్యికి వీపు పెట్టి, పేపరు చదువుతున్నాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి పాలు పొంగి, ఇగిరి, గిన్నె నల్లగా మాడిపోయింది. పొగ కిటికీ దాటి పక్కింటికి వెళ్తోంది. అతను పేపర్లోంచి తలెత్తలేదు.

"ఏవండీ!"

"ఊఁ?"

"పాలు!"

అతను తిరిగి చూసి ఉలిక్కిపడి, వెంటనే సర్దుకున్నాడు. "ఆఁ, ఇందాకే వాసనొచ్చింది. నువ్వెలాగూ వస్తున్నావు కదా అని..."

ఆవిడ పొయ్యి ఆర్పింది. గిన్నె నానబెట్టింది. కానీ మర్నాడు భోజనంలో అతనికి కూర వడ్డించి ఎదురుగా కూచుంది. అతను గిన్నెమీదకి వంగి, గట్టిగా పీల్చి, "ఆహా, ఘుమఘుమలాడుతోందే!" అన్నాడు.

"అది మొన్నటిదండీ. పాడైపోయింది. కింద కుక్కకి పెడితే మూతి తిప్పుకుని పోయింది."

అతను చేతిలో ముద్ద పళ్ళెంలో వదిలేశాడు. తర్వాత, పట్టుబడ్డ పిల్లాడిలా తలొంచుకుని చెప్పేశాడు. ఒక్కసారిగా పోలేదట. ముందు పూల వాసన పోయింది, ఆ తర్వాత సబ్బు, ఆ తర్వాత కూరలు. డీజిల్ కూడా పోయాక గానీ అతనికే నమ్మకం కుదరలేదు.

"మరి ట్యాంకు దగ్గర ఏం చేస్తున్నారు?"

"జలుబంటున్నాను. నడుం పట్టేసిందంటున్నాను. ఎలాగో వాయిదా వేయిస్తున్నాను."

"ప్రతిసారీనా?"

"ఒక్కసారి కుదరలేదు. అందరూ చూస్తున్నారు. అలవాటు కొద్దీ వేలు లేచింది." "వాడు పైకొచ్చేదాకా మూత దగ్గర్నుంచి కదల్లేదు. నా ప్రాణం నా దగ్గర లేదనుకో."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "వాడంటే ఎవరండీ? మా తమ్ముడా?"

అతను తలూపాడు. ఆవిడ చెయ్యి కడుక్కుని ఫోను తీసింది, తమ్ముడికే చెప్పేస్తానని. అతను ఫోను మీద చెయ్యి వేశాడు. "వద్దే. నేనే చెప్తాను, అందరి ముందూ చెప్తాను. నువ్వు చెప్తే వాడు నమ్మడు, మా అక్కకి బావంటే అనుమానం అని నవ్వేస్తాడు." అది నిజమేనని ఆవిడకీ తెలుసు. అయినా అతన్ని వదల్లేదు. మర్నాడు ముక్కుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ చిన్న చిన్న సీసాలు ఒకదాని తర్వాత ఒకటి అతని ముక్కు కింద పెట్టి ఏమిటో చెప్పమంది. అతను మొదటిదానికి "నిమ్మకాయ" అన్నాడు. రెండోదానికీ నిమ్మకాయే. మూడోదానికి కొంచెం ఆలోచించి, ఎండిన నిమ్మకాయ అన్నాడు.

"ఇది కిరోసినండీ," అంది డాక్టరమ్మ. భార్య పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుపుకో నవ్వుకో ఆవిడకే తెలియాలి.

డాక్టరమ్మ అతని చేతుల పగుళ్ళు చూసింది, తలనొప్పి గురించి అడిగింది, పని గురించి అడిగింది. అన్నీ ఒకే కుటుంబానివని తేల్చింది. ఆ ఆవిర్లు ముక్కు పైభాగంలో ఉండే సన్నటి నరాల్ని దెబ్బతీశాయి. వాటికి దూరంగా ఉంటే కొంత తిరిగి రావచ్చు, రాకనూపోవచ్చు. మాస్కు మెడకి కాదు, మొహానికి అని కూడా అంది. అతను అన్నిటికీ బుద్ధిగా తలాడించి, మెల్లగా ట్యాంకు సంగతి అడిగాడు. ముక్కు బాగున్న రోజుల్లో తను ఎప్పుడూ తప్పు చెప్పలేదనీ, అది తిరిగొస్తే మళ్ళీ ఆ పని చెయ్యొచ్చా అనీ.

"ఆ గ్యాసు కొద్దిగా ఉంటే వాసనొస్తుంది," అందావిడ. "ఎక్కువగా ఉంటే అన్నిటికన్నా ముందు ముక్కునే పడగొడుతుంది. వాసన ఆగిపోతుంది. గ్యాసు పోయిందనుకుంటారు. అప్పుడే అసలు ప్రమాదం. ఎంత మంచి ముక్కైనా అంతే."

"అంటే ఇన్నేళ్ళూ..."

"ఇన్నేళ్ళూ మీ అదృష్టం డ్యూటీ చేసింది. మీ ముక్కు కాదు."

ముక్కు పోయిందని తెలిసినప్పుడు కూడా అతనికి అంత దెబ్బ తగల్లేదు. ఇంటిదారి పట్టారు. వీధి మలుపులో ఆగి, "చెప్పేస్తే నేనెవర్నే అక్కడ?" అన్నాడు.

"మా తమ్ముడికి బావ," అందావిడ. "అది చాలదా? నన్ను తమ్ముడు లేని అక్కని చెయ్యకండి, అంతే నేనడిగేది."

సెలవు అయిపోయి తిరిగి వెళ్ళేటప్పుడు హెలికాప్టర్లో అతను మాటలు కూర్చుకున్నాడు. గంభీరంగా, గౌరవంగా, కొంచెం ఉపన్యాసంలా ఉండాలనుకున్నాడు. దిగీ దిగగానే ఫోర్‌మన్ ఎదురొచ్చాడు. "ముక్కూ, నీకోసమే చూస్తున్నాం. పైవాళ్ళు తనిఖీకొస్తున్నారు, ట్యాంకు కడిగించాలి. నువ్వు లేవని ఇన్నాళ్ళూ మూత తియ్యలేదు." అప్పటికే బావమరిది రబ్బరు బూట్లేసుకుని, గీకుడు పార చేత్తో పట్టుకుని, పెళ్ళికొడుకులా తయారై నిలబడ్డాడు.

మూత చుట్టూ అందరూ చేరారు. వంటవాడు కూడా గరిటె పట్టుకుని వచ్చాడు, ముక్కు పని చూడటం వాడికి సరదా. ముక్కు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. కూర్చుకున్న ఉపన్యాసంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"నా ముక్కు పోయింది," అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు.

నవ్వక ఏం చేస్తారు? అంతకుముందొకసారి ఇదే మూత దగ్గర వాసన చూసి, కళ్ళు తేలేసి, దబ్బున వెనక్కి పడి, అందరూ హడలిపోయాక ఒక కన్ను తెరిచి "మీటరు కంటే బాగా కూశానా?" అన్న మహానుభావుడు ఆయనే. వంటవాడు గరిటెతో చప్పట్లు కొట్టాడు. ఫోర్‌మన్ "త్వరగా కానీవయ్యా" అన్నాడు.

"నిజంగా చెప్తున్నా. ఏ వాసనా తెలీడం లేదు. డాక్టరు కూడా చెప్పింది."

"బావ ఎప్పుడూ ఇంతే," అంటూ బావమరిది మూత పక్కకి జరిపి, నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు.

ముక్కు హెల్మెట్ వదిలేశాడు. ఒక్క ఉదుటున వంగి ఆ కాలు పట్టుకున్నాడు. పట్టుకున్నది వదలకుండా బయటికి లాగాడు. బూటు చేతిలోకి వచ్చేసింది. ఆ దెబ్బకి బావమరిది వెనక్కి ఇనప నేల మీద కూలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా అలవాటు కొద్దీ ముక్కులు మూసుకుని గోడకి అతుక్కుపోయారు.

అప్పుడు తట్టింది అతనికి. ఆ బూటు రెండు చేతుల్తో పట్టుకుని, ముక్కుదాకా ఎత్తి, అందులో మొహం పెట్టాడు. నిండుగా పీల్చాడు. వదిలాడు. మళ్ళీ పీల్చాడు. ఎవరో గులాబీ ఇచ్చినట్టు నింపాదిగా పీలుస్తున్నాడు. మొహంలో ఒక గీత మారలేదు, కంట్లో చుక్క నీరు రాలేదు.

నవ్వులు ఆగిపోయాయి. గోడ దగ్గర నిలబడ్డ ఫోర్‌మన్‌కే అంత దూరంనుంచి కళ్ళు మండుతున్నాయి. వంటవాడి చేతిలో గరిటె కిందపడింది. ఆ వాసనకి తట్టుకుని బూటులో తల పెట్టగల మనిషి ఈ భూమ్మీద లేడని అక్కడున్న ప్రతివాడికీ స్వానుభవం. అన్నిటికన్నా ఎక్కువగా ఆ కాళ్ళ యజమానికి తెలుసు. వాడి మొహం తెల్లబోయింది.

"బావా," అన్నాడు, "మరి పోయినసారి?"

"పోయినసారి కూడా లేదురా. నన్ను క్షమించు."

ఎవరూ చెప్పకుండానే ఫోర్‌మన్ వెళ్ళి కొక్కేనికున్న మీటరు తెచ్చాడు. దానిమీద దుమ్ము చొక్కా చేత్తో తుడిచి, బటన్ నొక్కి, తాడుకి కట్టి మూతలోంచి కిందికి వదిలాడు. తాడు సగం కూడా దిగలేదు. ఎర్ర దీపం వెలిగి అది పెట్టిన కూతకి అందరి చెవులూ గింగురుమన్నాయి. అంతా పరుగున బయటి మెట్లమీదకి వచ్చి పడ్డారు. ఒంటి బూటుతో కుంటుకుంటూ వచ్చిన బావమరిది, బావ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తనిఖీవాళ్ళు వచ్చేసరికి ట్యాంకు కడగలేదు. ఎందుకు కడగలేదో ఫోర్‌మనే తన నోటితో చెప్పాడు, అందుకు అతన్ని మెచ్చుకోవాలి.

ఆ తర్వాత చాలా మారింది. మీటర్లు కొక్కేలు దిగి జేబుల్లోకి వచ్చాయి. మూత పక్కనే మీటరు దించే తాడు వేలాడుతూ ఉండాలని కట్టుబాటు చేశారు. స్పిరిట్ డ్రమ్ము పోయి చేతులకి సరైన సబ్బు వచ్చింది. ముక్కుని జల్లెళ్ళ దగ్గర్నుంచి తప్పించి మీటర్లూ మాస్కులూ చూసే గదిలో వేశారు. పేరు పోతుందని అతను బెంగపెట్టుకున్నాడు గానీ, పేర్లు అంత తేలిగ్గా పోవు. అతను పెద్దముక్కు అయ్యాడు, మీటరు చిన్నముక్కు అయింది. "పెద్దముక్కూ, చిన్నముక్కుకి బ్యాటరీ అయిపోయింది" అని పిలిస్తే పలికేవాడు. మాస్కు మెడలో వేసుకుని ఎవడైనా ఎదురుపడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. "నగలు ఇంటి దగ్గర పెట్టుకునిరా నాయనా" అని అందరి ముందూ కడిగేసేవాడు.

సెలవుకి ఇంటికి వెళ్ళినప్పుడల్లా భార్య ఏదో ఒకటి అతని ముక్కు దగ్గర పెట్టేది. సబ్బు, కాఫీ పొడి, తలంటుకున్న జుట్టు. అతను ఇప్పుడు అబద్ధం చెప్పడం మానేశాడు. "లేదే," అనేవాడు. ఆవిడ "సరేలెండి" అని నవ్వేసి అవతలికి వెళ్ళేది. అవతలికి ఎందుకు వెళ్ళేదో అతనికి తెలుసు.

ఒక సాయంత్రం ప్లాట్‌ఫాం మీద షిఫ్టు దిగి, ముక్కు గదిలో పైమంచం మీద పడుకుని ఉన్నాడు. బావమరిది తలుపు తోసుకుని వచ్చి, కింద కూచుని, ఈలపాట పాడుతూ బూట్లు విప్పాడు.

"ఒరేయ్, వాటిని బయట పెట్టరా," అన్నాడు ముక్కు విసుగ్గా, అటువైపు తిరిగి.

"అలాగే బావా," అని వాడు బూట్లు పట్టుకుని గుమ్మందాకా వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు.

ముక్కు కూడా లేచి కూచున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇలా తే," అన్నాడు.

వాడు బూటు అందించాడు. ముక్కు దగ్గరికి తీసుకున్నాడు, పూర్తిగా ఎత్తకుండానే మొహం అష్టవంకర్లు పోయింది, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆ నీళ్ళు ఎందుకొచ్చాయని అడక్కండి, కంపూ సంతోషం రెండూ కలిసి వచ్చాయి. బావమరిది ఒక్క కేక పెట్టి, చేతిలో రెండో బూటుతో, ఉత్త కాళ్ళతో వరండా పొడుగునా పరిగెత్తాడు. "వచ్చింది! మా బావకి నా కాళ్ళు వచ్చాయి!" అని ప్రతి తలుపూ బాదాడు.

ముక్కు ఇంటికి ఫోను చేశాడు. "ఏమే, వాసన తెలుస్తోంది. ఎక్కువ కాదు, ఒక్కటే."

"ఏ వాసనండీ?" అంది భార్య.

"మీ తమ్ముడి కాళ్ళు."

అవతల ఆవిడ ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. "పుట్టి బుద్ధెరిగాక వాడి కాళ్ళు చేసిన మంచి పని ఇదొక్కటేనండీ," అంది. తర్వాత ఆవిడ గొంతులో భయం తొంగిచూసింది. "ఇకనుంచి మళ్ళీ మిమ్మల్నే పిలుస్తారేమో, ట్యాంకు దగ్గర?"

"పిలవనీ."

"పిలిస్తే?"

"వెళ్తాను. వెళ్ళి తాడు దించుతాను," అన్నాడు ముక్కు.